గొంతుకు నాలుగు వారాల సెలవు

జూలై 5, 2007, గురువారం

ఈ డైరీ జనవరిలో మా మందిరానికి వచ్చే బాలస్వామి తెచ్చి ఇచ్చాడు. వాడు ప్లాట్లు చూపించే వెంచర్ వాళ్ళది. ప్రతి పేజీ అడుగున "కొత్త ఎయిర్‌పోర్టుకు ఇరవై నిమిషాలు" అని అచ్చు వేశారు. దేవుని సేవకుడికి ప్లాట్ల డైరీ ఎందుకని అటక మీద పడేశాను. ఇవాళ స్టూలు వేసుకుని దించాను. నోటితో మాట్లాడే వీలు లేదు, చేత్తోనైనా మాట్లాడకపోతే పిచ్చెక్కేటట్టు ఉంది.

నగరంలో పెద్ద దవాఖానకు వెళ్ళాను. డాక్టరు గొంతులోకి అద్దం పెట్టి చూశాడు. "గొంతు తీగలకు రెండు పక్కలా కాయలు కాశాయి. రోజూ అరుస్తారా?" అన్నాడు.

"అరవను సార్. వాక్యం ప్రకటిస్తాను" అన్నాను, ఉన్న బొంగురుతోనే.

"వారానికి సెలవు ఎన్ని రోజులు?"

"సాతాను సెలవు తీసుకోడు సార్."

"మీరు సాతాను కాదు కదా పాస్టరుగారూ" అన్నాడు. పక్కనున్న నర్సు నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

నాలుగు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదట. గుసగుస కూడా వద్దట, అది ఇంకా చెరుపట. కూనిరాగం వద్దు. దగ్గు వచ్చినా మింగాలి. బుద్ధిగా ఉంటే కాయలు కరగొచ్చు. లేకపోతే ఆపరేషన్. ఆపరేషన్ తర్వాత పాత గొంతు వస్తుందని మాత్రం రాసివ్వలేనన్నాడు.

పద్నాలుగేళ్ళ కింద అయిదుగురితో మొదలుపెట్టిన మందిరం. ఇవాళ నూట ఇరవై మంది. అదంతా ఈ గొంతే. చదువు లేదు, ఆస్తి లేదు, ఇబ్రహీంపట్నంలో నా వెనక నిలబడే పెద్ద మనిషి లేడు. దేవుడు నాకిచ్చింది ఇదొక్కటే. సాగర్ రోడ్డు మీద కొత్త మందిరం పెట్టారు. ఫ్యాన్లు కాదు, ఏసీ ఉందట. గిటారు ఉందట. నాలుగు వారాలు నేను నోరు మూసుకుంటే మావాళ్ళు ఎంతమంది మిగులుతారో!

నా భార్య కరుణ తను పనిచేసే అంగన్‌వాడీ నుంచి ఒక పలక, డబ్బా నిండా బలపాలు తెచ్చి నా ముందు పెట్టింది. "ఇగ ఇదే నీ మైకు" అని నవ్వింది. దీనికి నవ్వొకటి.

జూలై 6, శుక్రవారం

మాట్లాడలేదు. ఉపవాస ప్రార్థనలో కూర్చుని పెదాలు కదిపాను. అది మాట్లాడినట్టు కాదు.

జూలై 8, ఆదివారం

ఆరాధన అంజిలయ్య నడిపాడు. మా సంఘ పెద్ద, ఆర్టీసీలో కండక్టరు చేసి రిటైరయ్యాడు. పొద్దున్నే వచ్చి "అయ్యగారూ, నాకు కాళ్ళు వణుకుతున్నయ్" అంటే జాలిపడి పలక మీద నాలుగు పాయింట్లు రాసిచ్చాను. ఒక్కటీ చెప్పలేదు! బస్సు కథ చెప్పాడు.

"ముప్పై ఏండ్లు బస్సుల తిరిగిన. మస్తు మంది నిద్రపోతుండిరి. డ్రైవరు మీద నమ్మకమున్నోడే నిద్రపోతడు. నమ్మకం లేనోడు ముంగటి రాడ్డు పట్టుకొని, తానే తోలుతున్నట్టు బ్రేకు తొక్కుతనే ఉంటడు. దేవుని బండిల మనమెట్ల కూసున్నమో జర సూసుకుందాం." అంతే. ఆమెన్ అనేశాడు. గడియారం చూశాను, పన్నెండు నిమిషాలు.

పన్నెండు నిమిషాల్లో ఏం వాక్యం చెప్తారు? నేను గంటన్నరకు తక్కువ ఎప్పుడూ చెప్పలేదు. జనం మాత్రం బయటికి వస్తూ నవ్వుకుంటూ వచ్చారు. "మంచిగ చెప్పిండు పెద్దాయన" అని ఇద్దరు ముగ్గురు నాకు వినబడేటట్టే అన్నారు. నాకేం అసూయ లేదు. సమయం వృథా అయిందని బాధ, అంతే.

దూరం నుంచి వచ్చినవాళ్ళకు ఎప్పటిలాగే మా ఇంట్లోనే భోజనం. ఇవాళ నలభై ఆరు మంది. కరుణ వంకాయ కూర బాగా కుదిరింది. అయితే ఆరాధనకు ఆలస్యంగా వచ్చి వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. పాస్టరు భార్య ముందు వరసలో ఉండాలని ఎన్నిసార్లు చెప్పాలి? పలక మీద రాసి చూపించాను. చదివి, తుడిచి, గిన్నెలు తోమడానికి వెళ్ళింది.

బాలస్వామి రాలేదు. ఎందుకొస్తాడు? పోయిన నెల వాణ్ణి నిలబెట్టి అందరి ముందు తిట్టాను. ఆదివారం నగరం నుంచి వచ్చే సాబ్‌లను బండిలో ఎక్కించుకుని ప్లాట్లు చూపిస్తాడు. విశ్రాంతి దినాన్ని గజాల లెక్కన అమ్ముకుంటున్నావురా అన్నాను. జనం హల్లెలూయా అన్నారు. ఆ రోజే గొంతు మొదటిసారి పట్టేసింది.

జూలై 9, సోమవారం

ఇవాళ పూర్తిగా విశ్రాంతి. బడంగ్‌పేటలో ఒక విశ్వాసి గృహప్రవేశానికి మాత్రం వెళ్ళి వచ్చాను, మాట్లాడే పని లేదు కదా. దారిలో జల్‌పల్లిలో రోగిని చూశాను. వస్తూ వస్తూ మందిరం రేకులు కారుతున్న చోట తారు పూశాను. పలక మీద రాసీ రాసీ వేలు వాచింది.

బలపాలు మూడే మిగిలాయి. డబ్బా నిండా ఉండాలి. ఆదివారం పిల్లలే ఎత్తుకుపోయి ఉంటారు.

జూలై 11, బుధవారం

బాలస్వామి వచ్చాడు. చెప్పులు బయట విప్పి, గుమ్మంలోనే నిలబడ్డాడు. "కోపం పోయిందా అయ్యగారూ?" అన్నాడు. నాకు కోపం పోలేదు. కానీ కోపాన్ని పలక మీద రాయడం ఎంత కష్టమో! రాసేలోపే చల్లారిపోతుంది. కుర్చీ చూపించాను.

వాడు అరగంట మాట్లాడాడు. పదేళ్ళుగా నాకు తెలిసినవాడు, అరగంట మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. నడుమ నేనే అందుకునేవాణ్ణి కాబోలు.

"ఆరు రోజులు ఎవ్వడు రాడు అయ్యగారూ. సాబ్‌లకు ఆదివారమే సెలవు. ఆళ్ళ సెలవు నాకు పని. ఆళ్ళు పెండ్లాం పిల్లలతోని ఏసీ బండిల ఒచ్చి, పులిహోర తిని, ప్లాటు చూసి పోతరు. గప్పుడు నా పిల్లలు మందిరంల నాకోసం చూస్తుంటరు. నేను దేవుణ్ణి ఇడిచి పెట్టిన్నా? పొద్దుగాల ఆరింటికి ఒక్క గంట ఆరాధన పెట్టుమని అడుగుదామని మూడు సార్లు ఒచ్చిన. నువ్వు మాట్లాడనిస్తివా?"

మూడు సార్లు వచ్చాడట. నాకు ఒక్కసారి కూడా గుర్తు లేదు.

ఒకడి విశ్రాంతి ఇంకొకడి పని మీద నిలబడుతుందని నేనెప్పుడూ ఆలోచించలేదు. సాబ్‌ల గురించి అంటున్నాను. వాళ్ళు ఆలోచించాలి ఇది.

"ఆరు గంటల ఆరాధన. పెడదాం" అని పలక మీద రాశాను. వాడు పలకకు దండం పెట్టాడు, తిక్కలోడు.

జూలై 14, శనివారం

స్తోత్రం! స్తోత్రం! మా సంఘానికి నా మీద ఎంత ప్రేమ!

అంజిలయ్య, ఇంకో పదిమంది వచ్చారు. నాకు విశ్రాంతి దొరకాలని, గొంతు బాగుపడాలని రేపటి నుంచి ఏడు రోజులు గొలుసు ప్రార్థన పెడతారట. పొద్దున ఆరు నుంచి రెండు గంటల దాకా, గంటకో గుంపు, ఎక్కడా తెగకుండా. తారు పూసినా మందిరం రేకులు ఇంకా కారుతున్నాయి కాబట్టి మా ఇంట్లోనే. కన్నీళ్ళు ఆగలేదు. నేను లేకపోతే చెదిరిపోతారనుకున్నవాళ్ళు నా కోసం కూడుతున్నారు.

కరుణకు రాసి చూపించాను. రెండుసార్లు చదివింది. "మంచిదే" అంది. "ఏడు దినాలా?" అంది. మళ్ళీ "మంచిదే" అంది. అంగన్‌వాడీకి సెలవు పెడతానంది. చూశావా, తనకూ విశ్రాంతి దొరుకుతుంది.

జూలై 16, సోమవారం

గుంపుకు అయిదుగురు అనుకున్నారు, పదిహేను మంది వస్తున్నారు. కంజీర, డోలక్. "ప్రభువా, నీ దాసునికి విశ్రాంతి" అని గొంతెత్తి ప్రార్థిస్తుంటే ఇల్లు అదిరిపోయింది. పక్కింటివాళ్ళు కూడా వచ్చి చూశారు.

టీ నాలుగు విడతలు.

జూలై 17, మంగళవారం

టీ ఆరు విడతలు. ఉప్మా ఒకసారి. దూరం నుంచి వచ్చినవాళ్ళను వట్టి చేతులతో పంపుతామా?

కాస్త పడుకుందామంటే మంచం మీద సుక్కమ్మ కూర్చుంది. డెబ్బై ఏళ్ళు, రెండు చెవులూ వినబడవు, ఎవరు ఏం పాడుతున్నారో తెలియదు. అయినా ఆరు గంటల గుంపుతో వచ్చి రెండు గంటల గుంపుతో వెళ్తుంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

జూలై 18, బుధవారం

కరుణ బట్టలు పిండుతూ నడుమ గట్టు మీద కూర్చుంది. "ఏం లేదు, కండ్లు తిరిగినట్టయింది" అంది. ఎండ ఎక్కువగా ఉంది, వానాకాలమని పేరే.

కొత్తగా తెచ్చిన బలపాల డబ్బా కూడా సగమైంది. ఇంట్లో చిన్న పిల్లలు లేరు. ఉన్న ఒక్క బిడ్డ లీదియా నగరంలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. ఎవరు తీస్తున్నారో కనిపెట్టాలి.

జూలై 20, శుక్రవారం

నలభై మంది. నాకు తల పగిలిపోతోంది. ప్రభువా, వాళ్ళ ప్రేమ మీద సణుగుతున్నానని అనుకోకు.

జూలై 22, ఆదివారం

నగరంలో దవాఖాన. కరుణ మంచం పక్కన నేల మీద కూర్చుని రాస్తున్నాను. ఈ పద్నాలుగేళ్ళలో ఆదివారం మందిరంలో నేను లేకపోవడం ఇదే మొదటిసారి. మందిరం గుర్తుకే రాలేదు, ఇప్పుడు తారీఖు వేస్తుంటే తెలిసింది.

నిన్న ఏం జరిగిందో రాయాలి. రాయకపోతే రేపు నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

నిన్న ఆఖరి రోజు. అన్ని గుంపులూ కలిసి వచ్చాయి, యాభై మంది ఉంటారు. పదకొండైంది. టీ ఇంకా రాలేదు. ఆలస్యం ఎందుకైందో అడుగుదామని వంటింట్లోకి వెళ్ళాను. అవును, అందుకే వెళ్ళాను.

కరుణ పొయ్యి దగ్గర నేల మీద పడి ఉంది. పాలు పొంగి గట్టు మీదుగా ఆమె చీర మీదికి కారుతున్నాయి. పొయ్యి ఆపాను. మొహం సున్నం కొట్టినట్టు ఉంది. పెదాల్లో రక్తం లేదు. కదిపాను. తల అటు వాలిపోయింది.

"కరుణా!" అని అరిచాను. డాక్టరు గుర్తు లేడు, కాయలు గుర్తు లేవు, ఉన్న బలమంతా పెట్టి అరిచాను. గాలి వచ్చింది. అంతే, గాలి. మళ్ళీ అరిచాను. నా చెవికే వినబడలేదు.

ముందు గదిలోకి పరుగెత్తాను. అందరూ కళ్ళు మూసుకుని పాడుతున్నారు. రెండు చేతులూ పైకెత్తి ఊపాను. ఎవరో కళ్ళు తెరిచి "స్తోత్రం! అయ్యగారు లేచిండు!" అన్నారు. పాట రెట్టింపయింది. అంజిలయ్య భుజం పట్టుకుని గుంజాను. ఆయన కన్నీళ్ళతో నన్ను కావలించుకుని "ఆత్మ దిగింది! హల్లెలూయా!" అని కేక పెట్టాడు. గోడ మీద బాదాను. డోలక్ కొట్టేవాడు నా చేతిని చూసి తాళం కలిపాడు. ఒకామె చేతిలో కంజీర లాక్కుని నేలకేసి కొట్టాను. ఇంకా గట్టిగా పాడారు. నా భార్య పక్క గదిలో చచ్చిపోతోంది, నేను ఏడుస్తూ గంతులేస్తుంటే నా సంఘం చప్పట్లు కొడుతోంది.

వాళ్ళ తప్పేముంది? నేను చేతులు ఊపితే గొంతు పెంచాలని పద్నాలుగేళ్ళు నేర్పింది నేనే.

గుమ్మం పక్కన కూర్చున్న సుక్కమ్మకు పాట వినబడదు. ఆమె నా మొహం మాత్రమే చూసింది. లేచి వచ్చింది. "ఏమాయె కొడుకా?" అంది. వంటింటి వైపు చూపించాను. ముసలామె గబగబా నడిచి వెళ్ళింది. లోపలి నుంచి "అయ్యో, నా బిడ్డా!" అని ఒక కేక. అప్పుడు ఆగింది పాట.

అంజిలయ్య ఫోన్ చేస్తే బాలస్వామి పావుగంటలో బండి తెచ్చాడు. ఎప్పుడూ లేంది నిన్న శనివారమే ప్లాట్లు చూడ్డానికి వచ్చిన సాబ్‌లను వెంచర్ గేటు దగ్గర దింపేసి, "మీరు ఆటోల పోండ్రి" అని చెప్పి వచ్చేశాడట. ఇబ్రహీంపట్నం దవాఖానలో చూసి, ఆలస్యం చేయకుండా పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నారు. పన్నెండు ఉండాల్సిన రక్తం అయిదున్నర ఉందట. ఇంకో నెల ఇలాగే నడిచి ఉంటే గుండె ఆగేదేమో అని డ్యూటీ డాక్టరు అంది. మామూలుగా చెప్పినట్టే అంది.

ఇవాళ పొద్దున రెండో సీసా ఎక్కించారు. అది బాలస్వామిది. రక్తమిచ్చి, చేతికి దూది అదుముకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఇయ్యాల ఆదివారం అయ్యగారూ. ఆదివారం పని చేసిన్నని మల్ల తిట్టవు గద?" అన్నాడు. నేను పలక కూడా తెచ్చుకోలేదు. వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పట్టుకుని చాలాసేపు ఏడ్చాను, వార్డులో జనం చూస్తున్నా.

బతికింది. ప్రభువా, బతికింది.

జూలై 25, బుధవారం

ఇల్లు చేరాం. లీదియా రెండు రోజులు సెలవు పెట్టి వచ్చింది. కరుణను పడుకోబెట్టి, నన్ను వసారాలోకి పిలిచింది. నేను మాట్లాడలేకపోవడం దానికి ఇవాళ బాగా కలిసొచ్చింది.

"డాడీ, మమ్మీ గోళ్ళు చూసిన్రా ఎప్పుడన్నా? తెల్లగ పాలిపోయి, గుంటలు పడి ఉన్నయ్. ఏడాది నుంచి గిట్లనే ఉండి ఉంటది. ఇంట్ల ఉండేది మీరిద్దరే. ఆమె మిమ్ముల చూసుకుంటది. ఆమెను చూసేదెవరు?"

తర్వాత పరుపు కింద నుంచి ఒక పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. బలపాలు. సగం కొరికినవి.

"రక్తం లేనోళ్ళకు మట్టి, బలపం తినబుద్ధి అయితది. మా పుస్తకంల ఉన్నది. మీకు కనబడలేదా?"

కనబడింది బిడ్డా. లెక్కపెట్టాను కూడా. దొంగ ఎవరా అని చూశాను.

జూలై 27, శుక్రవారం

ఇవాళ అన్నం నేనే వండాను. అడుగంటింది. కరుణ తిని "మంచిగనే ఉన్నది" అంది. అబద్ధం.

పొద్దున అయిదుకు లేచాను, తను లేచే వేళకు. వాకిలి, నీళ్ళు, టీ, వంట, గిన్నెలు, బట్టలు. తను ఇదంతా ముగించి, ఎనిమిదిన్నరకు యాచారం వైపు ఆటో ఎక్కి, పిల్లలకు పాఠం చెప్పి, వచ్చి మళ్ళీ మొదలుపెట్టేది. శనివారమైతే ఆదివారం వంటకు కూరగాయలు తరగడం. ఆదివారం తెల్లవారుజామునే పొయ్యి. నాకు పదింటికే నడుం పట్టేసింది. కాకులకు మెతుకులు విసిరి అక్కడే గట్టు మీద కూలబడ్డాను.

మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని పలక మీద రాశాను. "ఈ పద్నాలుగేళ్ళు నువ్వెప్పుడు విశ్రాంతి తీసుకున్నావు?"

చదివి చాలాసేపు ఆలోచించింది, లెక్క చూసి చెప్పేదానిలా. "ఆదివారం నువ్వు వాక్యం చెప్తవు గద. గా గంటన్నర కూసుంటుంటి. ఎవ్వరు లేపరు, ఎవ్వరు పిలువరు. నువ్వు ఎంత పొడుగు చెప్తే గంత మంచిగనిపించేది" అంది.

నేను ఆమె వైపు చూశాను. ఎగతాళి కాదు. నిజంగానే చెప్పింది.

"అంజిలయ్య పన్నెండు నిమిషాలకే ఆపేసినప్పుడు ఏడుపొచ్చింది నాకు" అని నవ్వింది.

నేను బయటికి వచ్చేశాను. నా ప్రసంగాల వల్ల ఎవరికైనా మేలు జరిగిందా అని ఎన్నోసార్లు మోకరించి అడిగాను. జరిగిందట. గోడకు ఆనుకుని ఒక మనిషి కాస్త కునుకు తీసింది. ఇందుకు కూడా నీకు స్తోత్రం ప్రభువా. సిగ్గుతో చెప్తున్నాను, స్తోత్రం.

జూలై 28, శనివారం

రేపు మా ఇంట్లో వంట ఉండదని అంజిలయ్యకు రాసిచ్చాను. ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చుకోవాలి, దూరం నుంచి వచ్చినవాళ్ళకు దగ్గరివాళ్ళు పెట్టాలి. "అమ్మగారు లేస్తే చాలు అయ్యగారూ, మేమే తెస్తం" అన్నాడు. ఇంత సులువా ఇది? పద్నాలుగేళ్ళలో ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

నిద్రపోకుండా అందరినీ కాపాడే పని దేవుడిది. ఆ పని నేను నెత్తిన పెట్టుకున్నాను. నెత్తిన పెట్టుకుంది నేను, మోసింది కరుణ.

జూలై 29, ఆదివారం

పొద్దున ఆరింటి ఆరాధన మొదలైంది. బాలస్వామితో కలిపి పదిహేడు మంది. మేస్త్రీలు, డ్రైవర్లు, ఒక వాచ్‌మన్. ఏడింటికి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళారు. వీళ్ళంతా ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు?

ఆగస్టు 1, బుధవారం

రేపు డాక్టరు దగ్గరికి. ఆ రోజు వంటింట్లో రెండుసార్లు అరిచాను. అది డాక్టరుకు చెప్పాలి. గొంతు పోతే పోయిందని రాద్దామని కూర్చున్నాను గానీ రాయలేను. భయంగా ఉంది. పోకూడదు ప్రభువా. ఈ నెలలో కరుణకు పలక మీద చాలా రాశాను, కొన్ని మాటలు పలక మీద కుదరవు.

ఆగస్టు 2, గురువారం

"ఆ అనండి" అన్నాడు డాక్టరు.

భయంతో ముందు నోరే తెరవలేదు. మళ్ళీ చెప్పాడు. అన్నాను. వచ్చింది! సన్నగా, పాత గొంతులో సగం కూడా లేదు, కానీ వచ్చింది. అద్దం పెట్టి చూశాడు. కాయలు బాగా తగ్గాయట. ఆపరేషన్ అక్కర్లేదు. వంటింట్లో అరిచిన సంగతి రాసి చూపించాను. చదివాడు. "ఆవిడ ఎలా ఉన్నారు?" అని అడిగాడు.

ఇక మీద రోజుకు గంటకు మించి మాట్లాడకూడదు. మైకు లేకుండా ప్రసంగం వద్దు. వారానికి ఒక రోజు పూర్తి మౌనం, బతికినంత కాలం. "మీ మతంలో కూడా వారానికి ఒక రోజు సెలవు ఉంది కదా?" అన్నాడు.

"ఉంది సార్. పక్కవాళ్ళకు చెప్పేవాణ్ణి" అన్నాను. ఈసారి నర్సుతో పాటు నేనూ నవ్వాను.

గొంతు వస్తే మొదటి మాట స్తోత్రమనే అనాలని నెల రోజులు అనుకున్నాను. ఆ మొదటి మాట డాక్టరు దగ్గరే అయిపోయింది. బస్సెక్కగానే కండక్టరుతో "ఇబ్రహీంపట్నం ఒకటి" అన్నాను. దారంతా ఇంటికి వెళ్ళి కరుణతో ఏం మాట్లాడాలో మాటలు కూర్చుకున్నాను. క్షమాపణ ఒకటి, కృతజ్ఞత ఒకటి, పెద్ద ప్రసంగమే తయారైంది. గుమ్మంలోకి వెళ్ళేసరికి మంచం మీద లేచి కూర్చుని, "ఒచ్చిందా? ఏదన్నా మాట్లాడు" అంది.

అన్నీ మరిచిపోయాను. "నీళ్ళు తాగుతావా?" అన్నాను.

నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నీళ్ళు తెచ్చి ఇచ్చాను.

ఆగస్టు 5, ఆదివారం

పొద్దున్న కరుణ నాలుగున్నరకే లేవబోయింది, అలవాటు. పడుకో అన్నాను. పడుకుంది. ఆరింటి ఆరాధన ముగించి వచ్చి చూశాను, నిద్ర. తొమ్మిదిన్నరకు చూశాను, నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి తల కింద పెట్టుకుని గాఢ నిద్ర. లేపడానికి చెయ్యి ముందుకు వెళ్ళింది. ఆపుకున్నాను. తలుపు దగ్గరికి వేసి మందిరానికి వెళ్ళాను.

మందిరం నిండిపోయింది. నా గొంతు వినడానికి వచ్చారు. సాగర్ రోడ్డు మందిరానికి ఎవరూ పోలేదు. మైకు పట్టుకోగానే మొదటి వరసలోంచి అంజిలయ్య లేచాడు.

"అమ్మగారేరి అయ్యగారూ?"

"పండుకున్నది" అన్నాను.

ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "మల్ల కింద పడ్డదా? దవాఖానకు ఫోన్ చేద్దునా?" అని, ఇవాళ పని మానుకుని వచ్చిన బాలస్వామి పిల్లవాణ్ణి ఒళ్ళోంచి దించి తలుపు దాకా వెళ్ళిపోయాడు. ఎవరో అప్పుడే చేతులెత్తి ప్రార్థన మొదలుపెట్టారు.

"ఆగండి. ఏం కాలేదు. మంచిగనే ఉన్నది. నిద్ర వచ్చింది, పండుకున్నది. ప్రార్థన అక్కర్లేదు" అన్నాను.

వాళ్ళకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. పాస్టరు భార్య ఆదివారం పూట, ఆరాధన వేళ, రోగమూ నొప్పీ లేకుండా ఇంట్లో నిద్రపోవడమంటే ఏమనుకోవాలో ఎవరికీ తెలియలేదు. నాకూ ఇదివరకు తెలియదు. సుక్కమ్మ ఏమైందని పక్కవాళ్ళను అడుగుతోంది. చెంప కింద రెండు చేతులు పెట్టి, కళ్ళు మూసి, సైగ చేసి చూపించాను. "పండుకోనీ" అంది ముసలామె, తనకు వినబడదు కాబట్టి మందిరమంతా వినబడేటట్టు. "పండుకోనీ నా బిడ్డను."

ఆ తర్వాత నేను వాక్యం చెప్పాను. పావుగంట. ఏం చెప్పానో రాసుకోదగ్గదేమీ లేదు. బాలస్వామిని నిలబెట్టి క్షమాపణ అడిగాను, అప్పుడు నిలబెట్టినట్టే, అందరి ముందు.

ఇంటికి వచ్చేసరికి పన్నెండు దాటింది. ఆడవాళ్ళు డబ్బాలు పట్టుకుని వెనకే వచ్చారు. గేటు దగ్గరే అందుకుని, రేపు రమ్మని పంపించేశాను. ఎవరూ నొచ్చుకోలేదు. వసారాలో కూర్చున్నాను. ఒంటి గంటకు లోపల మంచం కిర్రుమంది. వెళ్ళాను.

కరుణ లేచి కూర్చుని గడియారం చూస్తోంది. మొహంలో భయం. "ఒంటి గంటనా? అయ్యో, ఆరాధన! ఒచ్చినోళ్ళు? అన్నం?" అని కాళ్ళు కిందికి దించింది.

"అయిపోయింది. అందరూ తిన్నారు. అందరూ వెళ్ళారు" అన్నాను.

నా మొహంలోకి చూసింది, నిజమా కాదా అని. కాళ్ళు మెల్లగా మళ్ళీ మంచం మీదికి తీసుకుంది. దిండు సర్దుకుంది. అప్పుడు అడిగింది.

"ఇంకొంచెం సేపు పండుకోనా?"

నన్ను అడిగింది. చిన్న పిల్ల పంతులమ్మను అడిగినట్టు, నా అనుమతి అడిగింది. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి, తన ఇంట్లో, తన మంచం మీద.

"పండుకో" అన్నాను.

అటు తిరిగి పడుకుంది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది.